తాత గుడారం, బార్ సబ్బు, పటిక

ఫిబ్రవరి 9

మెట్ల కింద నుంచి గుడారం మూట లాగేసరికి ముందు వాసన వచ్చింది, వెనకాలే రెండు బొద్దింకలు వచ్చాయి. అమ్మ వంటింట్లోంచే "దాన్ని ఇంట్లో విప్పినావంటే చూడు" అంది. భుజాన వేసుకుని మిద్దె మీదికి మోశాను.

ఇది మా తాత కొన్నది. మిలిటరీ వాళ్లు వాడి వేలం వేసిన సరుకని ఇంట్లో చెబుతారు, నిజమో కాదో గానీ గుడ్డను చూస్తే నమ్మాలనిపిస్తుంది. రెండు రాటలు, వాటి మీద ఒక దూలం, అటూ ఇటూ పెంకుటింటి కప్పులా జారే మందపాటి కాన్వాస్. నేల ఎనిమిదడుగులకు ఎనిమిది. దామలచెరువు దగ్గర మా చిన్నాయన మామిడితోపులో కాపలా వాళ్లు ఎండాకాలమంతా పడుకునేది ఇందులోనే. ఈ మధ్య నీలం ప్లాస్టిక్ పట్టతో నెట్టుకొస్తున్నారు, కానీ మే నెల మధ్యాహ్నం ఆ పట్ట కింద ఇడ్లీలు ఉడుకుతాయే తప్ప మనిషి కూర్చోలేడు. సంక్రాంతికి చిన్నాయన "ఆ తాత గుడారం ఏమైనా అవుతుందేమో చూడరా" అన్నాడు, నేను పెద్ద మొగోడిలా సరేనన్నాను.

దీనికి పట్టిన జబ్బులు రెండు. 2021 నవంబరులో వానలు తిరుపతిని ముంచెత్తినప్పుడు మెట్ల కిందికి నీళ్లొచ్చి మూట మూటగానే నానింది. ఇంటినిండా బురద ఉన్నప్పుడు గుడారం ఎవరికి గుర్తొస్తుంది, నెల తర్వాత చూస్తే బూజు. రెండో జబ్బు నేను అంటించిందే. డిటర్జెంట్ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఉతికాను. మచ్చలు సగం పోయాయి, వాసన పోయింది, గుడారం జల్లెడైంది. ఆ ఏడు మొదటి గాలివానకే కాపలా పెద్దాయన తడిసి ముద్దయి, తెల్లారి ప్లాస్టిక్ పట్ట కావాలని కూర్చున్నాడు.

ఈ రోజు ఊరికే చూడటమే. కప్పు మీద పెసల సైజులో నల్ల మచ్చలు, మడతలు పడిన చోట చిక్కగా ఉన్నాయి. నేలకు ఆనే అంచు బొటనవేలు పెట్టి నొక్కితే చిరిగిపోతోంది. ఎలుక కొట్టిన చిల్లు ఒకటి, సీసా మూతంత. తాళ్లు కట్టే రింగుల్లో మూడు ఇత్తడివి బాగున్నాయి, మిగతావి ఇనుపవి, తుప్పు గుడ్డలోకి కూడా దిగింది. వాకిలి పక్కన నడుమెత్తులో గోధుమ రంగు చారలు, అవి మామిడి సొన. కాయలు కోసి వచ్చిన చేతులు ఎన్నేళ్లుగా అక్కడ ఆనాయో. అవి పోవు, నేను పోగొట్టను కూడా.

కప్పు గుడ్డను రెండు చేతులతో పట్టి గట్టిగా గుంజాను. చిరగలేదు. చిరిగి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ఆగేది, ఎందుకంటే బూజు నూలునే తింటుంది, అది తినేసిన గుడ్డకు ఏం పూసినా దండగ.

ఫిబ్రవరి 10 నుంచి 15 దాకా

నీళ్లు పోసే ముందు పొడి బ్రష్. మూతికి గుడ్డ కట్టుకుని, గాలి నాకు వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మెత్తటి బ్రష్‌తో మట్టీ బూజు పొడీ దులిపాను. తడిపాక రుద్దితే ఆ పొడి బురదై నేతలోకి దిగుతుంది.

తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి, మచ్చల మీద స్పాంజితో తడిపి, అరగంట వదిలి రుద్దాను. పక్కింటి అత్త పిట్టగోడ మీదికి వంగి "బ్లీచింగ్ నీళ్లు పొయ్యి నాయనా, మల్లెపూవు అయిపోతాది" అంది. మల్లెపూవే అవుతుంది, మల్లెపూవంత బలమే మిగులుతుంది. బ్లీచింగ్ మచ్చతో పాటు నూలు పోగును కూడా కొరికేస్తుంది. వెనిగర్‌తో బూజు చచ్చింది, వాసన మూడొంతులు పోయింది, నల్ల చుక్కలు మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి. అది రంగు, ప్రాణం ఉన్న బూజు కాదు. చుక్కలున్నంత మాత్రాన నీళ్లు కారవు కాబట్టి వాటిని వదిలేశాను.

అసలు యుద్ధం నా పాత డిటర్జెంట్‌తో. ఎన్నేళ్ల కిందటో ఉతికినది కదా, ఎప్పుడో పోయుంటుంది అనుకున్నాను. మామూలు నీళ్లు పోసి చేత్తో పిసికితే వేళ్ల మధ్య నుంచి సన్నటి నురగ. డిటర్జెంట్ పని నీళ్లను గుడ్డలోకి సులువుగా దించడం, అది నేతలో మిగిలిపోయిందంటే ప్రతి వాన చినుకునూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తుంది. దాని మీద ఏ పూత వేసినా సరిగ్గా అంటదు. అందుకే జాడించడం, పిసకడం, నురగ చూడటం, మళ్లీ జాడించడం. రోజుకు రెండుసార్ల లెక్కన పదోసారికి గానీ నురగ ఆగలేదు. తడిసిన గుడారం ఎంత బరువుంటుందో చెప్పను, నడుము చెబుతుంది. మధ్యలో ఒకరోజు కొండ వైపు నుంచి కోతులు వచ్చి ఆరేసిన మోకులతో కాసేపు ఆడుకున్నాయి, ఒక మోకు ఇప్పటికీ దొరకలేదు.

ఫిబ్రవరి 23

పూర్తిగా ఎండాక, ఏమీ పూయకుండానే, ఒక చెంబు నీళ్లు కప్పు మీద ఏటవాలుగా పోసి చూశాను. మొదటి నిమిషం పీల్చుకుంది, కింద తుంపర పడింది, తర్వాత తగ్గింది! నూలు తడిస్తే పోగు ఉబ్బుతుంది, ఉబ్బి నేతలోని సందులు మూసుకుంటాయి. కొత్త కాన్వాస్ గుడారాన్ని మొదట ఒకటి రెండుసార్లు తడిపి ఆరబెట్టి వాడేది ఇందుకే. నేను డిటర్జెంట్‌తో ఆ పనికే అడ్డం పడ్డాను. అంటే పూత లేకుండానే సగం జబ్బు నయమైంది.

మిగతా సగానికి ఏం పూయాలి? ఎవర్నడిగినా మైనం, టర్పెంటైన్ అంటారు. కరిగించి కలిపి పూసేస్తే నీళ్లు జారిపోతాయి, నిజమే. అవిసె నూనె అని కూడా అంటారు, కానీ ఆ నూనె గుడ్డను గట్టిపరుస్తుంది, పైగా నూనె తుడిచిన గుడ్డపీలికలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని వెంటనే కొట్టేశాను. మైనాన్ని మాత్రం పరీక్ష చేయకుండా కాదనలేను.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే స్నేహితుడికి ఫోన్ చేశాను, నూలు గుడ్డ సంగతి వాడికి తెలిసినంత నాకు తెలియదు. "మేం గుడ్డకు కరక్కాయ, గేదె పాలు పడతాం, పాలలో కొవ్వు ఉంటే రంగు పాకదు. పటిక రంగు పట్టడానికి. నీకు కావాల్సింది కొవ్వూ పటికా, పాలెందుకు, సబ్బు వాడు" అన్నాడు. సబ్బుతో వాటర్‌ప్రూఫా అని నవ్వాను. తర్వాత చదివితే అది పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే. నిజమైన సబ్బులో ఉండేది నూనెల నుంచి వచ్చిన కొవ్వు ఆమ్లం, పటికలో అల్యూమినియం ఉంటుంది, రెండూ గుడ్డ లోపల కలుసుకుంటే నీళ్లలో కరగని ఒక జిడ్డు పదార్థం పోగు చుట్టూ అంటుకుంటుంది. సందులు మూసుకోవు కాబట్టి గాలి ఆడుతుంది.

మార్చి 2

గాంధీ రోడ్డు దగ్గర మూలికల అంగడికి పోయి రెండు కిలోల పటిక అడిగాను. అంగడాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "రెండు కిలోలా? ఎంత దిష్టి తగిలింది సామీ?" అన్నాడు.

సబ్బు దగ్గర బోల్తా పడ్డాను. మామూలుగా బట్టలుతికే నీలం బార్ కొని తురిమి, వేడి నీళ్లలో కరిగించి, గాజు గ్లాసులో పటిక నీళ్లు కలిపాను. బుస్సుమని పొంగింది, గంజిలా అయింది, కలియబెడితే ఇంకా నురగ వస్తూనే ఉంది. అది సబ్బు కాదు, డిటర్జెంట్ బార్. పొంగింది అందులోని సోడా. నేను పది జాడింపులతో పోగొట్టిన శత్రువునే మళ్లీ డబ్బులిచ్చి తెచ్చుకున్నానన్నమాట. రెండోసారి రేపరు చదివి కొన్నాను: టీఎఫ్ఎం అని శాతం వేసి ఉంటుంది, సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో అది చెబుతుంది, 76 శాతం ఉన్నది తెచ్చాను. దీంతో గ్లాసులో చేస్తే నురగ టక్కున చచ్చిపోయింది, నీళ్లు తేటగా విడిపోయి తెల్లటి పలుకులు తేలాయి. ఒక పలుకు వేలితో నలిపితే వెన్నలా జిడ్డుగా అంటుకుంది, కుళాయి కింద పెడితే కడుక్కుపోలేదు. నాకు కావాల్సింది అదే.

మార్చి 9

పుచ్చిపోయిన అంచులో కాస్త గట్టిగా ఉన్న చోట నాలుగు ముక్కలు కోసి పరీక్ష. ఒకటి మైనం, టర్పెంటైన్. రెండు, మా బోరు నీళ్లతో చేసిన సబ్బు, పటిక. మూడు, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లతో అదే. నాలుగు, స్నేహితుడి మీద గౌరవంతో కరక్కాయ నీళ్లు.

మైనం గురించి ఒక మాట: దాన్ని నేరుగా మంట మీద పెట్టలేదు, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, స్టవ్ ఆపేసి, మిద్దె మీదికి తెచ్చాకే టర్పెంటైన్ కలిపాను. ఆ ఆవిరి మంట దగ్గర పనికిరాదు.

బోరు నీళ్ల ముక్క చూస్తే ఏడుపొచ్చింది. మా వీధి బోరు నీళ్లు బకెట్ అంచుల మీద తెల్ల పొర కట్టే రకం. సబ్బు కలపగానే పాలు విరిగినట్టు విరిగింది, పటికతో కలవాల్సిన కొవ్వు ముందే నీళ్లలోని కాల్షియంతో కలిసిపోయి, గుడ్డ లోపలికి దిగకుండా పైన తెట్టెలా కూర్చుంది. ఆరాక గీకితే పొట్టులా రాలింది. క్యాన్ నీళ్ల ముక్క మాత్రం పూత వేసినట్టే కనిపించలేదు, కానీ చుక్క నీళ్లు వేస్తే చేమాకు మీద బొట్టులా దొర్లింది. కల్యాణి డ్యామ్ నీళ్లు కుళాయికి వచ్చే రోజు పట్టుకున్నా సరిపోయేదేమో, మా వీధికి వచ్చే వేళ తెల్లవారుజామున, నాకు అంత భక్తి లేదు.

కరక్కాయ ముక్క లేత పసుపు రంగుకు తిరిగి చూడ్డానికి బాగుంది, తుప్పు ఉన్న చోట మాత్రం నల్లగా సిరా ఒలికినట్టయింది. స్నేహితుడికి ఫొటో పంపితే "అది మా నలుపు రా" అన్నాడు. బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టి కరక్కాయ గుడ్డ మీద గీస్తే వచ్చే నలుపట. అంటే నా గుడారం రింగుల చుట్టూ ఉచితంగా కలంకారీ.

ఇక మైనం. నీళ్లు ఆపడంలో అదే మొదటి ర్యాంకు, అబద్ధం చెప్పను. కానీ మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీద వేలు పెడితే జిగట. ఏసీ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన లేజర్ థర్మామీటర్ ఆ ముక్క మీద 57 డిగ్రీలు చూపించింది, కొవ్వొత్తి మైనం కరిగేది దాదాపు అక్కడే. ఇది మార్చి. మే నెలలో ఎండిన ఆకూ, మట్టీ, ఈగలూ అన్నీ కప్పుకు అంటుకుంటాయి. చలి దేశాల్లో మైనం గుడారం మహారాజులా ఉంటుందేమో, మన ఎండకు కాదు.

ఇంకో భయం మంట. 1944 జులైలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్కస్ గుడారం అంటుకుని 160 మందికి పైగా చనిపోయారు, ఆ గుడారానికి వాన ఆగాలని మైనాన్ని పెట్రోలులో కరిగించి పూశారు. మన తోపులో కాపలా పెద్దాయన గుడారం ముందే మూడు రాళ్ల పొయ్యి వెలిగిస్తాడు, పడుకుని బీడీ కాలుస్తాడు, మానమంటే మానడు. ఆయన మానడు కాబట్టి నేను మైనం మానేశాను.

మార్చి 16

పెద్ద రోజు. మిద్దె మీద మేకులు దిగవు కదా, పై అంతస్తు కోసమని పదేళ్ల కింద వదిలేసిన స్తంభాల చువ్వలకు, వాటర్ ట్యాంకు కాళ్లకు తాళ్లు కట్టి గుడారం నిలబెట్టాను. ఆ చువ్వలు దేనికో ఒకదానికి పనికొచ్చాయని నాయన సంతోషించాడు.

పది లీటర్ల క్యాన్ నీళ్లు కాచి, 600 గ్రాముల సబ్బు తురుము కరిగించాను. తురమడానికి అమ్మ కొబ్బరి కోరు ఇవ్వలేదు, పాత క్యారెట్ తురుమేది దొరికింది. వేడిగా ఉండగానే సున్నం వేసే వెడల్పు బ్రష్‌తో బయటివైపు, తర్వాత లోపలివైపు, గుడ్డ తాగినంత తాగించాను. కప్పుకే ఎక్కువ, గోడలకు పలచగా. గంటన్నరకు తేమ మిగిలి ఉండేలా ఆరాక, ఇంకో పది లీటర్లలో కిలో పటిక కరిగించి, వేరే బ్రష్‌తో పైనుంచి కిందికి. వేరే బ్రష్ ఎందుకంటే, అదే బ్రష్ వాడితే బకెట్‌లోనే విరిగిపోతుంది. బ్రష్ తగిలిన చోటల్లా సబ్బు జారుడుతనం పోయి గుడ్డ కీచుమనడం చేతికి తెలుస్తుంది. అది తెలియని చోట సబ్బు అందలేదని అర్థం, నాకు దూలం పక్కన అలాంటి జానెడు పట్టీ దొరికింది, మళ్లీ వేశాను.

సాయంత్రానికి కప్పు మీద అక్కడక్కడా తెల్ల పొడి. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది.

మార్చి 18

మిగిలిపోయిన పటికను కడిగేయాలి. పటిక నీళ్లకు పులుపు గుణం ఉంది, గుడ్డలో ఎక్కువగా నిలిస్తే ఏళ్ల మీద నూలును బలహీనం చేస్తుంది. నా స్నేహితుడి వాళ్లు ఈ పనికే స్వర్ణముఖిలో పారే నీళ్లు వెతుక్కుంటారు. నాకు పైపే నది. రుద్దకుండా కప్పు మీది నుంచి నీళ్లు పారించి వదిలేశాను, రెండు రోజులు నీడా ఎండా కలిసిన చోట ఆరబెట్టాను.

మార్చి 23

పరీక్ష. పైపుకు షవర్ తల తగిలించి నలభై నిమిషాలు. లోపల తమ్ముడు టార్చితో. కప్పు గుడ్డ మధ్యలో చుక్క దిగలేదు, నీళ్లు ముత్యాల్లా జారి అంచున వరసగా రాలుతుంటే ఫోన్ తడిసేదాకా వీడియో తీశాను. పదిహేనో నిమిషంలో తమ్ముడు "అన్నా, కుట్టు" అని అరిచాడు. ఎడమ వైపు కుట్టు పొడవునా చుక్కలు, మాల గుచ్చినట్టు.

రాత్రి లోపల బల్బు పెట్టి బయటి నుంచి చూస్తే సూది రంధ్రాలు నక్షత్రాల్లా కనిపించాయి. సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాను. కుడివైపు కుట్టులో ఒక్కటీ లేదు. తేడా ఏమిటంటే కుడిది పాత నూలు దారం, తడిస్తే ఉబ్బి రంధ్రాన్ని నింపుతుంది. ఎడమది ఎప్పుడో చిరిగితే టౌన్‌లో పాలిస్టర్ దారంతో కుట్టించాం, అది ఉబ్బదు, రంధ్రం రంధ్రంగానే ఉంటుంది. అంత గట్టి దారం వేశారని అప్పట్లో మెచ్చుకున్నాం కూడా.

ఇంకో చోట కారింది, అది తమ్ముడి తల తగిలిన చోటు. తడి కాన్వాస్‌కు లోపల నుంచి వేలు ఆనించినా అక్కడ దారి పడి నీళ్లు దిగుతాయి. అది జబ్బు కాదు, వాడి ఎత్తు.

మార్చి 30

పాలిస్టర్ కుట్టు విప్పి, దబ్బనంతో, తేనె మైనం పట్టించిన లావు నూలు దారంతో, పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టాను. కొత్త రంధ్రాలు చేస్తే పాతవి మిగిలిపోతాయి. ఎనిమిదడుగుల కుట్టుకు రెండు సాయంత్రాలు, మూడు వేళ్లకు ప్లాస్టర్లు. కుట్టు మీద తేనె మైనం ముద్దతో రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే లోపలికి ఇంకింది. మైనం వద్దన్నవాడివే కదా అంటారేమో, ఇది కుట్టు మీద వేలెడు వెడల్పే. ఎలుక చిల్లుకు రెండు వైపులా అతుకు. పుచ్చిన అంచు తీసేసి, టెంట్ హౌస్ అన్న దగ్గర తెచ్చిన కొత్త కాన్వాస్ పట్టీ వేశాను. రింగులన్నీ ఇత్తడివి మార్పించాను.

మళ్లీ షవర్. కుట్టు దగ్గర గంటకు రెండు చుక్కలు. చాలు.

మే మూడో వారం

తిరుపతిలో గంగ జాతర హడావుడి, నేను మాత్రం దామలచెరువులో. ఏప్రిల్ చివర్లోనే తోపులో గుడారం వేశాం. సోమవారం సాయంత్రం ఐదింటికి కొండల మీద నల్లగా కమ్మి, ముందు దుమ్ము, తర్వాత గాలి, తర్వాత వాన. తోతాపురి కాయలు దబదబా రాలుతుంటే చిన్నాయన తల పట్టుకున్నాడు, నేను ఆ మనిషి ముందు సంతోషం దాచుకుంటూ కప్పు వైపు చూస్తున్నాను. మొదటి రెండు నిమిషాలు మొహం మీద సన్నటి ఆవిరిలాంటి తుంపర, తర్వాత అదీ ఆగింది. గంట వానకు కారింది ఒకే చోట. కాపలా పెద్దాయన తన సంచి కప్పుకు ఆనించి రాటకు తగిలించాడు, సంచి మూలనుంచి ధార. సంచి తీశాక ఆగింది. "నిరుటి పట్ట కంటే సల్లగుండాది నాయనా, కానీ సంచి యాడ పెట్టుకోవాలా?" అన్నాడు. దానికి రాటకు అడ్డంగా ఒక కొయ్య కొట్టి ఇచ్చాను.

జులై 13

కోతలు అయిపోయాయని చిన్నాయన ఫోన్. గుడారం విప్పేశారట, నీట్‌గా మడిచి తాళ్లతో బిగించి ట్రాక్టరు షెడ్డులో పెట్టేశారట.

"ఎండినాక మడిచినారా చిన్నాయనా?"

"ఎండనా? నాలుగు దినాలుగా మబ్బు పట్టుకోనుండాది, ఎండ యాడిది రా?"

పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను. మిగిలిన కిలో పటిక కూడా సంచిలో వేసుకున్నాను.